బంగరుటంచు పళ్లెములు

మార్కాపురము వారికి పలక యనిన నల్లనిది. భూమిలోనుండి పొరలు పొరలుగా ఊడివచ్చు రాతిని కోసి, నునుపుచేసి, కొయ్యచట్టము బిగించి దేశములోని బడిపిల్లల చేతులకు పంపిన యూరు మాది. ఇప్పుడు బడిపలకకు గిరాకి తగ్గినది. ఆ రాయియే ఇంటికప్పులకును గోడలకును బిళ్లలై ఓడలెక్కి విదేశములకు పోవుచున్నది. మా యింటివారు ఉపాధ్యాయులగుటచే మా యింట ఏ మూల చూచినను నల్లపలకయే. అట్టి యింటి గోడమీదికి బంగరుటంచు గల తెల్లని పింగాణి పళ్లెము లెట్లు వచ్చెనో, వానివెంట మేమెంత దూరము పోయితిమో సోదరీమణులకు చెప్పవలెనని చాల దినములనుండి యనుకొనుచుంటిమి.

ఏడేండ్ల క్రిందట పాతచీరలకు స్టీలుగిన్నె లిచ్చు నామె మా వాకిట గంప దించినప్పుడు, గిన్నెల నడుమ గుడ్డలో చుట్టిన పళ్లెమొకటి కనబడెను. ఎవరి యింటనో పాతసామానుతో కలిసి వచ్చినదట. జానెడు వెడల్పు. నడుమ నీలిపూల గుత్తి. అంచున వెండ్రుక మందము బంగరుగీత, అదియు సగము చెరిగినది. "పగిలిపోయే సరుకు నాకెందుకమ్మా, నువ్వే తీసుకో" అని రెండు పాతచీరలకు ఇచ్చి పోయెను. వెనుకకు త్రిప్పి చూడగా ఆకుపచ్చని యక్షరములతో జర్మనీ యని ముద్ర యుండెను. జర్మనీ యెక్కడ, మా వీధి యెక్కడ!

మా తండ్రిగారు మమ్ము ఇంటనే కూర్చుండబెట్టి అమరము, రఘువంశము చెప్పిరి. స్వర్ణము, కనకము, హిరణ్యము, హాటకము అని బంగారమునకు గల పేర్లన్నియు చిన్ననాడే వల్లించితిమి. పింగాణికి మాత్రము అమరసింహుని వద్ద ఒక్క పేరును లేదు. చదువులో లేని వస్తువు చేతికి వచ్చినందున కాబోలు, దాని పుట్టుక తెలిసికొనువరకు మాకు నిద్ర పట్టలేదు. మా యింటివారు పుస్తకములలో చూచియు, ఫోనులో వెదకియు చెప్పిన సంగతులను ఒక్కొక్కటిగా కూర్చుకొంటిమి.

పింగాణి చీనావారి సొత్తు. వారు వేయి యేండ్లకు పైగా చేయుచుండిరి. యూరపువారు వానిని ఓడలలో తెప్పించుకొని, బంగారముతో సమముగా వెలపెట్టి కొని, చేయుట తెలియక వగచుచుండిరి. జర్మనీలో సాక్సనీ సీమ నేలిన అగస్టస్ అను ప్రభువునకు ఈ పిచ్చి ముదిరి, 1717లో ప్రష్యా రాజునకు ఆఱువందల మంది రౌతులనిచ్చి, మాఱుగా నూట యేబదియొక్క చీనా పింగాణి వస్తువులను పుచ్చుకొనెను. ఆ సైనికుల తల్లులును భార్యలును ఏమనుకొనిరో చరిత్రకారులు వ్రాయలేదు. ఆ కుండలు మాత్రము రౌతులకు ప్రసిద్ధమైన పేరుతో డ్రెస్డెన్ నగరమున నేటికిని భద్రముగా నున్నవి.

ఆ ప్రభువు చెఱలోనే బోట్గర్ అను యువకుడొకడుండెను. తాను రసవాదినని, హీనలోహమును బంగారము చేయుదునని చెప్పుకొని చిక్కుకొన్నవాడు. మా నల్లమలకు ఈ మాట క్రొత్తది కాదు. శ్రీశైలము చుట్టును రసవాదుల కథలు ఎన్నియో కలవు. బోట్గరునకు బంగారము కుదురలేదు. చిర్న్‌హౌస్ అను పండితుని వెంట పనిచేసి, 1708లో తెల్లమట్టిని తీవ్రమైన మంటలో కాల్చి పింగాణి రహస్యమును పట్టుకొనెను. 1710లో మైసెన్ అను నూరి కోటలో కర్మాగారము వెలసెను. ఆ మనుష్యుడు ముప్పది యేడేండ్లకే, 1719లో గతించెను. బంగారము చేయలేనివాని చేతి మన్నుమీద, తరువాతివారు బంగారమును కుంచెతో పూసిరి.

ఆ పూత సంగతి కొంచెము వివరముగా చెప్పెదము, ఇది తెలియకయే మేము మోసపోయితిమి గనుక. మొదట పళ్లెమును పదుమూడు వందల డిగ్రీలకు మించిన వేడిలో కాల్చుదురు. రంగులు వేసి మఱల తక్కువ వేడిలో కాల్చుదురు. బంగారము అన్నిటికంటె తుదిది. పూర్వము బంగారమును పొడిచేసి, దానిని కుంచెతో అంచున దిద్ది, సన్నని మంటలో కాల్చెడివారు. కొలిమినుండి వెలికి వచ్చినప్పుడు అది పసుపుపూసినట్లు మసకగా నుండును. దానిని నునుపైన అకీకు రాతితో గంటలకొలది రుద్ది మెఱపు తెప్పించవలెను. 1830 ప్రాంతమున మైసెన్‌లోనే క్యూన్ అను రసాయనజ్ఞుడు ద్రవరూపమైన బంగరుపూతను కనిపెట్టెను. ఆ ద్రవములో బంగారము నూటికి పది పండ్రెండు పాళ్లు మాత్రమే. కాల్చగానే అద్దమువలె మెఱయును, రుద్దవలసిన పని లేదు. పని తగ్గెను, వెల తగ్గెను, సామాన్యుల యిండ్లకును బంగరుటంచు పళ్లెములు చేరెను. అయితే ఆ పొర మిక్కిలి పలుచన. నాలుగు పండుగలు తోమిన చెరిగిపోవును. మా మొదటి పళ్లెమునకు జరిగినది అదియే.

వెనుకటి ముద్రలు వేఱొక చదువు. మైసెన్ వారికి 1720 తరువాతి దశకమునుండి నీలిరంగు అడ్డకత్తులు గుఱుతు. తురింగియా సీమలోని కర్మాగారములు కొన్ని వానిని పోలిన గీతలే వేసికొని మైసెన్ వారితో తగవులు తెచ్చుకొనెను. ఈ తురింగియా పేరు వినగానే మా యింటివారు లేచి కూర్చుండిరి. ఏలయన అచ్చటి స్టైనాఖ్ అను నూరు పూర్వము పలకబలపములకు లోకప్రసిద్ధమైనది. ఒకే కొండసీమలో పింగాణియు, బలపములును! మా మార్కాపురమునకు అది దూరపు చుట్టమే యని ఆయన తీర్మానించిరి. ఇక జర్మనీ యను పేరు ముద్రించుటకు కారణము ప్రేమ కాదు, చట్టము. 1887లో ఇంగ్లండున వ్యాపారచిహ్నముల చట్టము వచ్చి పరదేశపు సరకు మీద ఆ దేశపు పేరుండవలెనని నిర్బంధించెను. 1889లో ఇండియాలోను అట్టి చట్టమే వచ్చెను. కావున అట్టి ముద్ర గల పళ్లెము సాధారణముగా ఆ యేండ్లకు తరువాతిదని గుఱుతు పట్టవచ్చును.

ఇంత తెలిసికొన్న పిదప మాకు గర్వము పుట్టెను. తర్లుపాడున నొకటి, కంభమున రెండు పళ్లెములు చౌకగా దొరకెను. ఒంగోలునకు పెండ్లికి పోయినప్పుడు ఒక పాతసామానుల అంగడిలో గులాబీపూల పళ్లెము చూచితిమి. వెడల్పైన బంగరుటంచు ధగధగ మెఱయుచున్నది. వెనుక నీలిగీతలు రెండు ఒకదానినొకటి దాటుచున్నవి. వర్తకుడు "కత్తులమ్మా, కత్తులు" అనెను. దసరాకు చెవిదుద్దులకని కూడబెట్టిన అయిదువేల రూపాయలు ఆ వేళనే అచ్చట పెట్టి వచ్చితిమి. మా యింటివారు ఒక్కమాటయు అనలేదు. అనియున్న బాగుండెడిది.

మైసెన్ పళ్లెము మా యింటనున్నదని పదిమందికి చెప్పుకొని, దాని తోబుట్టువులను చూడవలెనని ఆ వేసవిలో హైదరాబాదునకు బయలుదేఱితిమి. దోర్నాల మీదుగా శ్రీశైలపు కనుమలెక్కి దిగి, కృష్ణ దాటి పోవు దారి. మా ఫోనులో పళ్లెము బొమ్మ, మనసులో దాని వెల తప్ప త్రోవలోని యడవి మాకు కనబడలేదు.

మూసీ యొడ్డుననున్న సాలార్ జంగు వస్తుశాల సంగతి మీలో చాలమందికి తెలిసియే యుండును. నిజామునకు మంత్రిగా నుండిన మూడవ సాలార్ జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ గారు 1889లో పుట్టి, వివాహము లేక, దేశదేశముల వస్తువులను తెప్పించుటయే సంసారముగా బ్రతికి, 1949లో వారసులు లేక గతించిరి. 1951 డిసెంబరు 16వ తేదీని నెహ్రూగారు ఆ సొత్తును వారి దేవిడీలోనే ప్రజలకు తెఱచిరి. 1968లో ఇప్పటి భవనమునకు మార్చిరి. జనమంతయు గడియారపు బొమ్మ గంట కొట్టుట చూచుటకును, ముసుగు వేసికొన్న పాలరాతి రెబెకాను చూచుటకును మూగుదురు. యూరపు పింగాణి యున్న గదిలో మాకు ఎవరును అడ్డు రాలేదు.

అచ్చట మైసెన్ వారి పనియు, ఫ్రెంచివారి సేవ్ర్ పనియు అద్దముల వెనుక నున్నవి. పళ్లెముల వీపులు మాత్రము కనబడవు! మాకు తెలిసిన చదువంతయు వీపుమీదిదే. మొదట చిన్నబోయితిమి. తరువాత విధిలేక ముఖములనే చూడసాగితిమి. చూడగా చూడగా బంగారము తేడా కనబడెను. ఆ పాతపనిలో బంగారము వెన్నవలె మెత్తగా, కొంచెము మందముగా, లోపలినుండి వెలుగుచున్నట్లున్నది. ఎచ్చటను అద్దపు తళుకు లేదు. పూలలో కుంచె వెంట్రుకల జాడ తెలియుచున్నది. ఒక గులాబి రేకు చివర చిత్రకారుని చేయి కొంచెము వణకినట్లున్నది. మేము ఫోను తెఱచి మా పళ్లెము బొమ్మ చూడలేదు. చూడవలసిన పని లేకపోయెను.

ఇంటికి వచ్చి పాఠశాలనుండి భూతద్దము తెప్పించి చూచితిమి. మా గులాబీలు చుక్కలు చుక్కలుగా విడిపోయెను, పత్రికలలో అచ్చువేసిన బొమ్మవలె. కాగితముమీద అచ్చుగొట్టి పింగాణి కంటించిన బొమ్మ అది. కత్తులన్నవి కత్తులు కావు, ఎవరో కత్తులని పించుటకు గీచిన గీతలు. మా యింటివారు భూతద్దమును మడచిన గుడ్డలో పెట్టుచు "పిల్లలకు చూపించుటకు మంచి పాఠము దొరకినది" అని మాత్రమనిరి.

పళ్లెములు గల సోదరీమణులకు ఇచ్చటనే రెండు మాటలు. బంగరుటంచు దానిని బూడిదతోగాని, చింతపండుతోగాని, స్టీలుపీచుతోగాని తోమరాదు. గోరువెచ్చని నీటిలో మెత్తని గుడ్డతో కడిగిన చాలును. ఒకదానిపై నొకటి పేర్చునప్పుడు నడుమ గుడ్డ యుంచవలెను. మైక్రోవేవు పొయ్యిలో పెట్టితిరా, అంచున నిప్పురవ్వలు లేచి బంగారమును మాడ్చును.

మాకు భ్రమ పోయినను పిచ్చి పోలేదు. పోయిన కార్తికమున మా యింటివారి పాతశిష్యుడొకడు వచ్చి, గిద్దలూరులో తన యవ్వ యొద్ద ఇట్టివి ఆఱు పళ్లెములున్నవని, ఎవరో వర్తకుడు ఒక్కొక్కటి మూడువందలకు అడుగుచున్నాడని చెప్పెను. మఱునాటి రైలుకే బయలుదేఱితిమి. ఈ రైలుదారి వెనుకటి శతాబ్ది తుదిలో కాదు, దానికి ముందటి శతాబ్ది తుదిలో దొరలు వేసినది. బెజవాడనుండి గుంటూరు, దొనకొండ, మా మార్కాపురము మీదుగా నల్లమల దాటి, గుంతకల్లు మీదుగా పడమటి సముద్రమువఱకు కలిపిరి. మా చిన్ననాటి చిన్నబండ్లు పోయి ఇప్పుడు పెద్దపట్టాల బండ్లు నడుచుచున్నవి. కంభమున కొంతసేపు దిగి చెఱువు చూచితిమి. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డముగా ఒక చిన్న కట్ట. దాని వెనుక సముద్రము. గజపతుల యాడుబిడ్డ వరదరాజమ్మ కట్టించెనని వాడుక. కట్టమీద గాలికి మాకు ఆకలి పుట్టెను గాని, మనసంతయు గిద్దలూరి పళ్లెములమీదనే.

పాత మిద్దె యిల్లు. వసారాలో నులకమంచముమీద అవ్వ కూర్చుండియున్నది. ఎనుబదికి పైబడిన వయస్సు, చూపు మాత్రము చక్కనిది. "రాండి అయ్యోరూ, కూచో తల్లీ" అని, మనుమని చేత చెక్కపెట్టె తెప్పించి వరిగడ్డిలోనుండి ఒక్కొక్కటిగా తానే తీసెను. అయిదు మంచివి, ఒకటి బీటవాఱినది. మేము చేతిలోనికి తీసికొనగానే మా గుండె వేగము హెచ్చెను. అంచున రెండంగుళముల వెడల్పున బంగారము, దానిలో ఆమ్లముతో చెక్కిన లతలు, మసకయు మెఱపును కలిసిన పని. వెనుక కిరీటము, గులాబి, రోజెంతాల్ అను పేరు, క్రింద సెల్బ్, బవేరియా. మైసెన్ కాదు, అయినను మా గోడమీది వానినన్నిటిని కలిపినను దీనికి సాటిరావు. తన మామ దొనకొండ రైలులో పనిచేయునప్పుడు ఎవరో దొర సీమకు పోవుచు సామాను వేలము వేయగా కొనినవని అవ్వ చెప్పెను.

"మా అత్త వీటిని గడప దాటనియ్యలా తల్లీ. మైల అనేది. దొరలొస్తే, ఆఫీసర్లొస్తే ఇదిగో ఈ వసారాలో పెట్టేది. నేను బాయికాడ కడిగి మళ్లా పెట్టెలో పెట్టేదాన్ని. కూలోళ్లకు వేరే రేకు పళ్లేలుండేవి. అయ్యి కూడా గడప బయటే. బంగారందీ బయటే, రేకుదీ బయటే" అని నవ్వెను.

మేమును అట్టి యింటనే పెరిగితిమి. మా నాయనమ్మగారు మడికట్టుకొని తీయు ఊఱగాయ జాడీ కూడ పింగాణిదే. అది దేవునిగది ప్రక్కనే యుండెడిది. జాడీ మన్నునకు లేని మైల పళ్లెపు మన్నునకు ఎట్లు వచ్చెనని మేము చిన్ననాడు అడిగి మొట్టికాయ తింటిమి. మైల మన్నులో లేదు, ఆ పళ్లెమున తినువారెవరో అందులో నున్నది. ఆ మాట అప్పుడు ఎవరును చెప్పలేదు.

అవ్వ అడిగెను: "ఆయన బంగారం గీకి కరగబెట్టుకుంటాడంట. మూడు నూర్లు ఇస్తానన్నాడు. ఇయ్యొచ్చునంటావా?"

ఇక్కడ ఉన్నది దాపక చెప్పెదము. మేము వెంటనే బదులు చెప్పలేదు. మజ్జిగ త్రాగితిమి. మూడువందలకు మేమే కొనెదమన్న అవ్వ సంతోషముగా ఇచ్చును. మా అయిదువేల మోసము తీరును. గోడమీద ఆ నకిలీని దించి దీనిని పెట్టవచ్చును. మా యింటివారు దూలమువైపు చూచుచు కూర్చుండిరి. ఒంగోలు వర్తకుడు మా యెదుట ఎట్లు నిలిచియుండెనో, అవ్వ యెదుట మేము అట్లే యున్నామన్న తలంపు వచ్చుటకు మజ్జిగ గ్లాసు పూర్తి కావలసివచ్చెను.

"అవ్వా, గీకితే గోటిమీదికి కూడ బంగారము రాదు. దీని వెల బంగారములో లేదు, చెక్కుచెదరక యుండుటలో నున్నది. మూడువందలకు మాత్రము ఇయ్యవలదు" అని చెప్పి, ముద్రలోని పేరును కాగితముమీద తెలుగున వ్రాసి మనుమనికిచ్చి, పెద్ద నగరములలో ఇట్టివి కొనువారిని ముగ్గురినైన విచారించి చూడుమంటిమి.

పేరు చదివి వినిపించగా అవ్వ "ఎవరాయన?" అనెను. 1879లో సెల్బ్ ప్రాంతమున ఈ పని మొదలుపెట్టినవాడని, పళ్లెములమీద చిత్రములు వేయుటతో ఆరంభించి గొప్ప కర్మాగారము కట్టినవాడని మా యింటివారు చెప్పిరి. యూదుల వంశమువాడగుటచే నాజీల యేలుబడిలో 1934లో తన సంస్థనుండియే తొలగింపబడి, 1937లో మరణించెనని కూడ చెప్పిరి.

"చేసినాయన్ని కూడా బయటే పెట్టినారా!" అని అవ్వ పళ్లెమును ఒడిలోనికి తీసికొని కొంగుతో తుడిచెను. తరువాత లేచి, గోడ పట్టుకొని లోపలికి పోయి, ఆ పళ్లెమునిండ బొరుగులు, ఉల్లిపాయముక్కలు, వేయించిన శెనగపప్పు కలిపి తెచ్చెను. "తినండి. కార్తీకమని ఉల్లి వద్దంటారేమో, ఏరి పక్కన పెట్టండి" అనెను. మేము ఉల్లితోనే తింటిమి.

తిన్న పిదప పళ్లెము కడుగుదమని మేము బావివైపు నడువబోగా అవ్వ మా చేతిలోనుండి దానిని తీసికొని వంటయింటిలోనికి పోయెను. లోపల కుళాయి చప్పుడు వినబడెను. మా రైలునకు వేళయ్యెను.